కొత్తిమీర కట్టకి ఎంత దూరం?

బెంగళూరు వైట్‌ఫీల్డ్, వర్తూరు, సర్జాపుర వైపు అపార్ట్‌మెంట్లలో కాపురాలుంటూ, అక్కడి నివాసుల సంఘాల్లో కమిటీ సభ్యులుగానో మామూలు సభ్యులుగానో ఉన్న తెలుగువారందరికీ,

నమస్కారం.

నేను ప్రొద్దుటూరులో ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. తొమ్మిదేళ్ళుగా వర్తూరు దగ్గర మా అబ్బాయి వాళ్ళతో ఉంటున్నాను. గేటు దగ్గరి కూరగాయల బండ్లకి మళ్ళీ చోటివ్వాలన్న సంగతి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇంగ్లీషులో ఒకసారి పెట్టాను. ఇద్దరు ముగ్గురు బాగుందన్నారు, అంతలో లిఫ్టు మరమ్మతు మాట వచ్చి అది కిందికి పోయింది. అందుకని ఈసారి తెలుగులో, నిదానంగా, మన అందరికీ కలిపి రాస్తున్నాను. ఈ చుట్టుపక్కల సంఘాల కమిటీల్లో మనవాళ్ళు చాలామందే ఉన్నారు. మా కమిటీలోనే పదకొండు మందిలో నలుగురు. గేటు దగ్గర ఎవరు నిలబడాలో ఎవరు నిలబడకూడదో తీర్మానించే చోట మన చేతులూ ఉన్నాయి కాబట్టి మనవాళ్ళని అడిగే చనువు నాకుందనుకుంటున్నాను.

ముందుగా నా తప్పు చెప్పుకోవాలి. 2023 వేసవిలో మా సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం పెట్టారు. గేటు బయట గోడవారగా నిలబడే కూరగాయల బండ్లని, ఆకుకూరల గంపలని ఇక మీదట నిలబడనివ్వకూడదని, సెక్యూరిటీ వాళ్ళు పంపించేయాలని. ఆ రోజు నేనూ చెయ్యెత్తాను. మా కోడలు అప్పటికే సరుకులన్నీ ఫోన్లో తెప్పిస్తోంది, పదినిమిషాల్లో గుమ్మం ముందుకొస్తున్నాయి, నాకు లోటేమీ కనిపించలేదు. ట్రాఫిక్ తగ్గుతుందన్నారు, నిజమే కదా అనుకున్నాను. ఆ బండ్ల మీద కూరలు కొనేవాళ్ళు మా ఫ్లాట్లలోవాళ్ళు మాత్రమే కాదన్న సంగతి ఆ హాల్లో కూర్చున్న మాకెవ్వరికీ తట్టలేదు. కొనేవాళ్ళలో సగం మంది ఆ సమావేశానికి రాదగిన సభ్యులే కారు.

మా గేటు దగ్గర ఆకుకూరలమ్మే ఆమెది మాలూరు పక్కన పల్లె. బంగారుపేట వైపు నుంచి వచ్చే తెల్లవారుజాము బండెక్కి వైట్‌ఫీల్డ్ స్టేషన్లో దిగి, అక్కణ్ణించి షేర్ ఆటోలో రెండు గంపలతో ఆరున్నరకల్లా వచ్చేది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మాలూరు, ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి, బాగేపల్లి అంతా అంతే, కన్నడ దేశంలో తెలుగు ఇళ్ళు. "దంటు సొప్పుందమ్మా, సబ్బసిగె ఉంది, చుక్కకూర నీకోసం పక్కన పెట్టినా" అనేది, సగం కన్నడం సగం తెలుగుతో. దంటు సొప్పంటే తోటకూర, సబ్బసిగె అంటే సోయికూర. గంప మీద తడిపిన గోనెపట్టా తీయగానే ఒక వాసన లేచేది. మట్టి, మెంతికూర, కొత్తిమీర వేళ్ళు, అన్నీ కలిసిన వాసన. మా వంటింట్లోకి ఇప్పుడొచ్చే కొత్తిమీర ప్లాస్టిక్ సంచిలో వస్తుంది, వేళ్ళు కోసేసి వస్తుంది. దానికా వాసన లేదు.

ఆమె కట్ట ఇచ్చాక ఊరికే ఉండేది కాదు, నాలుగు రెబ్బలు కరివేపాకు కొసరు వేసేది. నెలాఖరున డబ్బుల్లేవన్నవాళ్ళకి పాత క్యాలెండరు కాగితం వెనక గీత గీసుకుని ఇచ్చేది. ఎవరి గీత ఎవరిదో ఆమెకే తెలుసు. డిసెంబరు, జనవరిలో అనపకాయలొచ్చేవి, ఇక్కడివాళ్ళు అవరేకాయంటారు. అప్పుడైతే మేం నలుగురైదుగురం గేటు పక్క రాతిదిమ్మ మీద కూర్చుని అక్కడే ఒలుచుకునేవాళ్ళం. పితికిన పప్పు కూర ఎలా చేయాలో ఒరిస్సా నుంచి వచ్చిన ఒక కొత్త పెళ్ళికూతురికి నేర్పింది ఆ దిమ్మ మీదే.

అవన్నీ ముచ్చట్లు, పోనీయండి. ముచ్చట్లు పోయాయని నేను ఈ ఉత్తరం రాయడం లేదు.

మా ఇంట్లో పనిచేసే ఆమెది కర్నూలు జిల్లా, ఎమ్మిగనూరు వైపు. వానలు లేని ఒక ఏడు మొగుడితో కలిసి బేల్దారి పనికని వచ్చి, పిల్లలు పుట్టాక నాలుగిళ్ళలో పనికి కుదిరింది. మా అపార్ట్‌మెంట్ వెనక రేకుల షెడ్లలో ఉంటారు. మొన్న కార్తీకంలో ఒకరోజు సాయంత్రం అయిదున్నరకి గిన్నెలు బోర్లించి గబగబా బయల్దేరుతుంటే ఎక్కడికే ఇంత తొందరగా అన్నాను. "కూరగాయలకమ్మా, చీకటి పడితే ఆ రోడ్డున నడిసేదానికి కాదు" అంది. ఎక్కడికి అంటే వర్తూరు ఊళ్ళోకంది. ఎందుకో నాకూ వెంట పోవాలనిపించింది. చెప్పులేసుకుని పోయాను.

పోయేటప్పుడు ఫోన్లో దూరం కొలిచే ఏర్పాటు పెట్టుకున్నాను. లెక్కల టీచరు బుద్ధి, ఎక్కడికి పోతుంది. మా గేటు నుంచి ఆమె కూరలు కొనే అంగడికి 2.3 కిలోమీటర్లు. ఫుట్‌పాత్ ఉన్న చోటు మొత్తం కలిపినా మూడొందల మీటర్లుండదు. మిగతాదంతా మురుగుకాలువ మీద పరిచిన రాతిపలకలు, కొన్ని ఊగుతాయి, కొన్ని లేనే లేవు. నీళ్ళ ట్యాంకర్లు పోతుంటే గాలికి చీర కొంగు ముఖానికి కొట్టుకుంటుంది. ఆమె నన్ను లోపలి వైపు ఉంచి తను బండ్ల వైపు నడిచింది, నేను వద్దన్నా వినలేదు. ఒక చోట ఆగి, "ఇక్కడ పలక ఊగుతుందమ్మా, ఎడమ కాలు ముందెయ్యి" అని చెప్పింది. ఆ దారిలో ప్రతి పలకా ఆమెకి తెలుసు.

కొన్నది ఎంత? అరకిలో టమాటాలు, పావుకిలో వంకాయలు, రెండు కట్టల ఆకుకూర, పది రూపాయల పచ్చిమిరపకాయలు, అరలీటరు నూనె ప్యాకెట్టు. తిరిగి షెడ్డు చేరేసరికి గంటన్నర దాటింది. పిల్లలు అప్పటిదాకా ఏమీ తినకుండా గుమ్మంలో కూర్చుని ఉన్నారు.

వారానికి సరిపడా ఒకేసారి తెచ్చుకోవచ్చు కదా అన్నాను, నాకు తోచిన తెలివి అది. రేకుల షెడ్డులో ఫ్రిజ్ లేదు. మార్చి వచ్చిందంటే ఆకుకూర మర్నాటికే నల్లబడుతుంది, టమాటా రెండో రోజుకి నీరు కారుతుంది. పైగా డబ్బు కూడా వారానికి సరిపడా ఒకేసారి చేతిలో ఉండదు. అందుకని వారానికి మూడుసార్లు తప్పదు. ఇంటికొచ్చి లెక్క వేశాను. రానూపోనూ 4.6 కిలోమీటర్లు, వారానికి మూడు మార్లు, ఏడాదికి 52 వారాలు. 717 కిలోమీటర్ల పైమాటే. దగ్గరదగ్గర ఎమ్మిగనూరు పోయి మళ్ళీ బెంగళూరు వచ్చినంత దూరం, కాలినడకన, సంచి మోసుకుంటూ, చీకట్లో. అంతకుముందు ఆమె ఇవే కూరలు మా గేటు దగ్గర కొనుక్కునేది. పని ముగించుకుని బయటికి రాగానే ఎనభై అడుగులు.

ఆ 717 కిలోమీటర్లలో ప్రతి అడుగూ మా తీర్మానం పెంచినదే. నేను చెయ్యెత్తి పెంచినదే. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

బస్సులో పోవచ్చు కదా అని మీలో కొందరికి అనిపిస్తుంది. కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం కింద ఆడవాళ్ళకి మామూలు బస్సుల్లో టికెట్ లేదు. కానీ ఆ సౌకర్యం ఈ రాష్ట్రం చిరునామా ఉన్న గుర్తింపుకార్డు చూపించినవాళ్ళకే. ఆమె ఆధార్‌లో చిరునామా ఊరిదే. మార్చుకోమంటే భయం. ఊళ్ళో రేషన్ కార్డు, అత్తగారి పింఛను, ఇల్లు అన్నీ ఆ చిరునామాకి ముడిపడి ఉన్నాయి, ఒకటి కదిపితే ఇంకోటి ఊడుతుందేమోనని. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు అన్నది వచ్చాక బియ్యం ఇక్కడి చౌకధరల దుకాణంలో తీసుకోగలుగుతోంది, అది మేలే. కానీ బియ్యంతో మాత్రమే పూట గడవదు కదా, కూరకీ చారుకీ కావలసినవి రేషన్లో రావు. ఆ సమయంలో ఆ దారిన బస్సు ఎప్పుడొస్తుందో చెప్పలేం కాబట్టి టికెట్ డబ్బు పెట్టడానికి సిద్ధపడినా నడకే తొందర.

ఫోన్లో తెప్పించుకోవచ్చు కదా అన్నవాళ్ళూ ఉన్నారు. ఆర్డరు చిన్నదైతే దాని మీద డెలివరీ ఛార్జీ పడుతుంది. యాభై రూపాయల కూరలకి ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? రేకుల షెడ్లకి ఇంటి నెంబర్లు లేవు. అప్పు పెట్టుకునే ఏర్పాటు లేదు. పది రూపాయల మిరపకాయలు, అయిదు రూపాయల కరివేపాకు అనే కొలతలే లేవు. ఇక మిగిలింది షెడ్ల మధ్యనే ఉన్న చిన్న అంగడి. అక్కడ ఉల్లిగడ్డ, వాడిపోయిన టమాటా, గుడ్లు తప్ప దొరకవు, ధర ఊళ్ళోకంటే ఎక్కువ. తక్కువ సంపాదించేవాళ్ళు ఎక్కువ ధర పెట్టి తక్కువ రకం సరుకు కొంటున్నారు. మన గోడకి అవతల పక్కనే.

డెలివరీ కుర్రాళ్ళ మీద నాకే కోపమూ లేదు. వాళ్ళలో మన అనంతపురం, చిత్తూరు పిల్లలు ఎంతమందో. వానలో తడిసి వస్తే లోపలికి పిలిచి టీ ఇస్తాను. వాళ్ళ పని వాళ్ళకుండనీయండి. ఆ పని అందని మనుషులకి ఇంకో దారి మూసేయకూడదని మాత్రమే నేను చెబుతున్నది.

ఇంకొక తరహా మనుషుల గురించి కూడా చెప్పాలి. వాళ్ళు గోడ లోపలే ఉన్నారు. మీ ఇళ్ళలోనే ఉన్నారు. మీ అమ్మానాన్నలు.

మా ఎదురు బ్లాకులో నరసరావుపేట నుంచి వచ్చిన పెద్దాయన ఉన్నారు, డెబ్బై ఆరేళ్ళు. ఊళ్ళో నలభై ఏళ్ళపాటు పొద్దున్నే గుడ్డసంచి తీసుకుని మార్కెట్టుకి పోయి, బెండకాయ కొన విరిచి చూసి, బేరమాడి, దారిలో నలుగురితో మాట్లాడి వచ్చిన మనిషి. ఇంటికి కూర తేవడం ఆయన పని. ఇక్కడికి వచ్చాక కూడా గేటు దగ్గరి బండ్లుండగా ఆ పని ఆయన చేతిలోనే ఉండేది. కోడలికి ఏం కావాలో రాత్రే అడిగి పెట్టుకునేవారు. బండ్లు పోయాక కొడుకు ఫోన్లో అన్నీ వస్తున్నాయి. ఆయన ఇప్పటికీ ఆరున్నరకే తయారై గేటు దగ్గరికి వచ్చి బల్ల మీద కూర్చుంటారు. మొదట్లో కొన్ని రోజులు సెక్యూరిటీ అబ్బాయిని అడిగేవారు, ఈరోజు కూడా రాలేదా బాబూ అని. ఇప్పుడు అడగడం మానేశారు. పోయినసారి కలిసినప్పుడు, "ఇంట్లో నా చేత తెప్పించుకునే వస్తువు ఒక్కటీ లేదమ్మా" అన్నారు. నేనేం మాట్లాడలేకపోయాను. ఆయనకి 2.3 కిలోమీటర్లు నడిచే మోకాళ్ళు లేవు, కారు నడపడం రాదు, ఆటోకి ఫోన్లో బుక్ చేయడం రాదు. ఎనభై అడుగులైతే ఇప్పటికీ నడవగలరు.

మనం తిండి సరుకుల కోసం దూరం పోనివాళ్ళమేం కాదు. సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేటప్పుడు కారు డిక్కీలో ఏముంటుందో అందరికీ తెలుసు. కర్నూలు సోనా బియ్యం బస్తా, గుంటూరు మిరపకాయలు, కొత్త చింతపండు, అమ్మ పెట్టిన ఆవకాయ. 350 కిలోమీటర్ల నుంచి మోసుకొస్తాం. మంచి గోంగూర దొరుకుతుందని తెలిస్తే ఆదివారం మారతహళ్ళి దాకా పోయి ట్రాఫిక్కులో గంట నిలబడతాం. నోటికి ఇష్టమైనదాని కోసం ఎంత దూరమైనా పోతాం, నేనూ పోతాను. ఇష్టంతో పోయే దూరం ఎప్పుడూ బరువనిపించదు, కావాలంటే మానుకోనూవచ్చు. మా ఇంట్లో పనిచేసే ఆమెకి ఆ మానుకునే వీలు లేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పటి సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మొదటి పదిరోజులు ఫోన్లో ఏ సరుకూ దొరకలేదు, ఎప్పుడు చూసినా స్లాట్లు లేవనేది. అప్పుడు హాప్‌కామ్స్ వాళ్ళ బండ్లు అపార్ట్‌మెంట్ల దాకా వచ్చాయి. కూరగాయలూ పళ్ళూ అమ్మే రైతుల సహకార సంస్థ అది, 1959లో ద్రాక్ష రైతుల సంఘంగా మొదలైంది. దానితో పాటు మా గేటుకి వచ్చింది ఈ మాలూరు ఆమె. రైళ్ళు లేవు. వాళ్ళ పక్కింటి టమాటా రైతు టెంపోలో ఎక్కి వచ్చింది. మా సంఘమే ఆమెకి మాస్కులిచ్చి, గేటు ముందు సున్నంతో గుండ్రాలు గీసి, ఫ్లాట్ల వారీగా టోకెన్లిచ్చి నిలబెట్టింది. అప్పుడు ఆమె నిలబడితే ట్రాఫిక్ అని ఎవరూ అనలేదు. 2022 సెప్టెంబరు మొదటి వారంలో వానలకి మహదేవపుర, బెళ్ళందూరు, వర్తూరు వైపు రోడ్లు చెరువులై ట్రాక్టర్లలో మనుషుల్ని దాటించినప్పుడూ అంతే. ఆ మర్నాడు మోకాలి లోతు నీళ్ళలో గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. తొమ్మిది నెలలు తిరక్కుండా ఆమెని వెళ్ళిపొమ్మన్నాం.

ఆ వెళ్ళిపొమ్మనే హక్కు మనకుందా? నేను ఈ మధ్య చట్టం తెప్పించుకుని చదివాను. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ కోసం 2014లో పార్లమెంటు చేసిన చట్టం అది. గోడకి అవతలి రోడ్డు మన సంఘానిది కాదు. అక్కడ ఎవరు ఎక్కడ అమ్ముకోవచ్చో తేల్చేది స్థానిక సంస్థ, అది వేసే పట్టణ విక్రయ కమిటీ. ఆ కమిటీలో కనీసం నూటికి నలభై మంది వ్యాపారులే ఎన్నుకున్న వ్యాపార ప్రతినిధులుండాలి, ఆ ప్రతినిధుల్లో మూడోవంతు ఆడవాళ్ళుండాలి. వార్డు జనాభాలో నూటికి రెండున్నర మంది దాకా వ్యాపారులకి చోటు చూపించాలని కూడా ఉంది. అంటే 30,000 మంది ఉన్న వార్డులో 750 మందికి. మన చుట్టూ అంతమంది ఎక్కడున్నారు, ఉన్న ఆరుగుర్నీ తోలేశాం. సర్వే పూర్తయి ధ్రువపత్రాలిచ్చేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదని అందులో స్పష్టంగా ఉంది. సెక్యూరిటీ అబ్బాయి చేత ఈల ఊదించి పంపించే పద్ధతి ఆ చట్టంలో ఎక్కడా లేదు. 2020 నుంచి ప్రభుత్వమే వీధి వ్యాపారులకి స్వనిధి పేరుతో అప్పులిస్తోంది, మొదట్లో తొలి విడత పదివేల రూపాయల దాకా ఉండేది. మాలూరు ఆమె ఆ అప్పుతోనే తోపుడుబండి, బ్యాటరీ కాటా కొనుక్కుంది. కొన్న ఏడాదికే బండి నిలిపే చోటు పోయింది. అప్పు మాత్రం కట్టింది.

ఇంకో లెక్క కూడా ఉంది. పట్టణాల ప్రణాళికకి కేంద్రం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ప్రతి 5,000 మంది జనాభాకి రోజువారీ సరుకుల అంగళ్ళ సముదాయం ఒకటి ఉండాలని ఉంది. మా గేటు లోపల 1,100 ఫ్లాట్లు. ఇంటికి నలుగురు వేసుకున్నా 4,400 మంది. దాదాపు ఒక ఊరు. ఊరికి అంగడి లేదు. క్లబ్‌హౌస్ కింద ఒక ప్రొవిజన్ స్టోర్ ఉండేది, అద్దె పెంచితే కట్టలేక మూసేశాడు. ఆ గదిలోకి వచ్చిన కొత్తవాళ్ళు అద్దె సరిగ్గానే కడుతున్నారు గానీ ఉప్పు ప్యాకెట్ కావాలంటే గేటు దాటాల్సిందే.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు, అవి నేనూ నమ్మినవే కాబట్టి. ట్రాఫిక్ అన్నది వాటిలో పెద్దది. మొన్న ఒక బుధవారం ఉదయం ఏడు నుంచి ఎనిమిది దాకా గేటు దగ్గర బల్ల మీద కూర్చుని లెక్క పెట్టాను. సరుకులు తెచ్చిన బైకులు 63. ఒక్కొక్కటి రిజిస్టరులో రాసేదాకా గేటు ముందే ఆగుతుంది, వెనక స్కూలు బస్సు హారన్ కొడుతుంది. బండ్లు నిలబడిన రోజుల్లో అవి గోడకి ఆనుకుని ఒకపక్కన ఉండేవి, కదిలేవి కావు. తీర్మానం తర్వాత రద్దీ తగ్గిందని మీకెవరికైనా అనిపించిందా? గుండె మీద చేయి వేసుకుని చెప్పండి.

చెత్త విషయం నిజమే, మొదట్లో ఆకులు, పొట్టు అక్కడే పడేసేవారు. ఒకసారి చెప్పాక ఆమె గోనెసంచి తెచ్చుకుని అంతా అందులో కట్టి ఆవులకని తీసుకుపోయేది. మిగిలినవాళ్ళూ నేర్చుకున్నారు. భద్రత అన్నారు. ఎనిమిదేళ్ళు ఒకే చోట నిలబడి ప్రతి ఇంటి పిల్లల్నీ పేరు పెట్టి పిలిచిన మనిషి కంటే గేటుకి కాపలా ఇంకేముంటుంది?

చూడ్డానికి బాగుండదన్నవాళ్ళు కూడా ఉన్నారు. దానికి నా దగ్గర లెక్కలేవీ లేవు. ఆకుకూరల గంప పక్కన నిలబడి పెరిగిన పిల్లలం మనమందరం. ఆ దృశ్యం మనకి ఎప్పటినుంచి బాగుండటం మానేసిందో ఒకసారి మనమే ఆలోచించుకోవాలి.

ఇక నేను అడిగేది. మా అపార్ట్‌మెంట్ గురించే చెబుతాను, మీ మీ చోట్ల మీకు వీలైనట్టు చూసుకోండి. రెండో గేటు పక్కన ట్రాన్స్‌ఫార్మర్ దాటాక మా గోడ రోడ్డు నుంచి లోపలికి జరిగి ఉంటుంది. ఆ ఖాళీ మా సంఘం స్థలమే, రోడ్డుది కాదు. ఇప్పుడక్కడ విరిగిన కుర్చీలు, పాత రంగుల డబ్బాలు పడేసి ఉన్నాయి. టేపు పెట్టి కొలిచాను. పొడవు 42 అడుగులు, వెడల్పు తొమ్మిది. ఆరు బండ్లు ఇబ్బంది లేకుండా నిలబడతాయి, నడిచేవాళ్ళకి దారి మిగులుతుంది. ఉదయం ఆరున్నర నుంచి పది దాకా, సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు దాకా ఆ చోటు వాళ్ళకివ్వండి. సాయంత్రం పూట తప్పకుండా ఉండాలి, పనివాళ్ళు ఇళ్ళకి పోయేది అప్పుడే కాబట్టి. ఒక నీళ్ళ కొళాయి, ఒక లైటు, చెత్తకి ఒక డ్రమ్ము. వీలైతే ఒక రేకు కప్పు. అద్దె వద్దు. మన పనివాళ్ళు, సెక్యూరిటీవాళ్ళు, తోటమాలులు, వెనక షెడ్లవాళ్ళు అందరూ అక్కడ కొనుక్కోవచ్చని బోర్డు మీద కన్నడంలో, తెలుగులో, హిందీలో రాయించండి. బోర్డు లేకపోతే మనకి కాదేమో అనుకుని వాళ్ళు దూరంగా నిలబడిపోతారు, అది నేను చూశాను.

క్లబ్‌హౌస్‌లో ఆ గది అద్దె ఒప్పందం వచ్చే ఏడాది ముగుస్తుంది. అది మళ్ళీ సరుకుల అంగడికి, సగం అద్దెకైనా సరే, ఇవ్వాలని నేను రాతపూర్వకంగా అడుగుతున్నాను. పప్పు వంద గ్రాములు, నూనె నూరు మిల్లీలీటర్లు కూడా అమ్మాలన్నది ఒప్పందంలో రాయాలి.

మన గోడ అవతలి పని ప్రభుత్వానిది. 2020 సెప్టెంబరులో బెంగళూరు మహానగర పాలికె సభ్యుల కాలం ముగిశాక ఏళ్ళ తరబడి అడగడానికి కార్పొరేటర్ అనేవాడు లేకుండా గడిచింది. 2025 సెప్టెంబరులో పాలికెని అయిదు నగర పాలక సంస్థలుగా విడదీశాక మన వైపుకి బెంగళూరు తూర్పు నగర పాలికె వచ్చింది. ఈ దారిని విక్రయ ప్రాంతంగా గుర్తించమని, వర్తూరు దాకా ఫుట్‌పాత్ పలకలు సరిచేయమని, సాయంత్రం ఒక చిన్న బస్సు నడిపించమని అన్ని సంఘాలూ కలిసి ఒకే అర్జీ పెడితే బలం ఉంటుంది. అర్జీ కన్నడంలో నేను రాయించి ఉంచాను. సంతకాలు కావాలి.

మా సర్వసభ్య సమావేశం వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం పదకొండింటికి. 2023 తీర్మానాన్ని రద్దు చేయాలన్న ప్రతిపాదన నా పేరుతో ఇచ్చాను, బలపరిచినవారు నరసరావుపేట పెద్దాయన. ఆ నలభై రెండు అడుగుల చోటు పటం గీసి ఆఫీసులో ఇచ్చాను, ఎవరైనా చూసుకోవచ్చు. మా కమిటీలోని నలుగురు తెలుగువారూ ఆ రోజు తప్పకుండా రావాలి. మీ అమ్మగారినో నాన్నగారినో కూడా వెంట తీసుకురండి, వాళ్ళకి ఓటు లేకపోయినా మాట్లాడనివ్వమని అధ్యక్షులవారిని అడిగాను, సరేనన్నారు.

మాలూరు ఆమె ఇప్పుడు కాడుగోడి వైపు ఎక్కడో తిరిగి అమ్ముకుంటోంది. పోయిన వారం ఫోన్ చేశాను. చుక్కకూర ఇంకా తింటున్నారా అమ్మా అని అడిగింది. తీర్మానం రద్దయితే ముందురోజు సాయంత్రంలోగా చెబితే చాలు, మర్నాడు తెల్లవారుజాము బండికే రెండు గంపలతో వస్తానంది.

ఇట్లు,
వర్తూరు దగ్గర ఉంటున్న ఒక రిటైర్డు లెక్కల టీచరు